ఒక్క రాత్రిలో డేటా అంతా క్లౌడ్‌లోకి: ఆ కొన్ని గంటల వెనక ఏం జరుగుతుంది?

"సిస్టమ్ అప్‌గ్రేడ్ కారణంగా శనివారం రాత్రి 11 గంటల నుంచి ఆదివారం ఉదయం 6 గంటల వరకు మా సేవలు అందుబాటులో ఉండవు."

బ్యాంకు నుంచో, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచో ఇలాంటి మెసేజ్ మనందరి ఫోన్లకీ వచ్చే ఉంటుంది. చాలామంది చదివి వదిలేస్తారు. నిజానికి చాలాసార్లు అది మామూలు మరమ్మతే. కానీ కొన్నిసార్లు ఆ ఏడు గంటల్లో లక్షల మంది ఖాతాలు, పాలసీలు, బాకీలు, పేర్లు, అడ్రసులు అన్నీ ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి మారిపోతాయి. ఈ మధ్య ఎక్కువగా క్లౌడ్‌కి మారుతున్నాయి.

ఇది సరిగ్గా జరిగితే మనకు తెలియను కూడా తెలియదు. తప్పు జరిగితే మాత్రం సోమవారం పొద్దున జీతం కనపడదు, కిరాయి కట్టలేం, దవాఖానాలో కార్డు పనిచేయదు. ఇంకో సంగతి కూడా ఉంది. హైదరాబాద్‌లోనూ, బెంగళూరులోనూ, దుబాయ్, రియాద్‌లలోనూ ఐటీ ఉద్యోగం చేసే మన పిల్లల్లో చాలామంది శనివారం రాత్రిళ్లు మేలుకుని చేసేది ఈ పనే. అందుకే దీన్ని కాస్త వివరంగా, మామూలు మాటల్లో చూద్దాం.

డేటాబేస్ అంటే పెద్ద ఆవర్జానే

కామర్స్ చదివినవాళ్లకు చిట్టా, ఆవర్జా అనే మాటలు తెలుసు. రోజూ జరిగిన ప్రతి లావాదేవీ ముందు చిట్టాలో రాస్తారు. తర్వాత దాన్ని ఎవరి ఖాతాలో వారికి ఆవర్జాలో ఎక్కిస్తారు. చివర్లో అన్నీ కూడి అంకణా తీస్తారు. దాన్నే ట్రయల్ బ్యాలెన్స్ అంటున్నాం.

ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌లు లోపల చేసే పని కూడా దాదాపు ఇదే. మన ఖాతా వివరాలు పట్టికల్లో ఉంటాయి. అది ఆవర్జా. ప్రతి మార్పూ ముందు ఒక లాగ్‌లో నమోదవుతుంది. అది చిట్టా. ఒరాకిల్‌లో దాన్ని రీడూ లాగ్ అంటారు, మైఎస్‌క్యూఎల్‌లో బిన్‌లాగ్ అంటారు. ఈ చిట్టా సంగతి గుర్తుపెట్టుకోండి. తొందరగా తరలించడానికి అసలు కిటుకు అక్కడే ఉంది.

ఇక క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేదేం కాదు. వేరే కంపెనీ నడిపే పెద్ద డేటా సెంటర్లలో కంప్యూటర్లను అద్దెకు తీసుకోవడమే. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తెరిచింది. ఒరాకిల్‌కీ ముంబై, హైదరాబాద్‌లలో క్లౌడ్ కేంద్రాలున్నాయి. కాబట్టి "క్లౌడ్‌లో ఉంది" అన్న డేటా మన ఊరి పొలిమేరల్లోనే ఉన్నా ఉండొచ్చు.

తొందర ఎక్కడి నుంచి వస్తుంది?

పాత సర్వర్ల వారంటీ అయిపోతుంది. డేటా సెంటర్ లీజు ముగుస్తుంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెన్యువల్ తేదీ దగ్గరపడుతుంది. రెండు బ్యాంకులు కలుస్తాయి. ఇలా ఏదో ఒక తేదీ నెత్తిమీద కూర్చుంటుంది. ఆ తేదీ దాటితే ఇంకో ఏడాది పాత అద్దె, పాత లైసెన్సు కట్టాలి. పైగా తరలింపు నడిచినంత కాలం పాత సిస్టమ్‌కీ కొత్త సిస్టమ్‌కీ రెండింటికీ ఖర్చు పెట్టాలి. అందుకే యాజమాన్యం "త్వరగా కానివ్వండి" అంటుంది. అందులో తప్పేం లేదు.

కానీ పెద్ద పెద్ద కంపెనీలకే ఇది ఎంత కాలం పట్టిందో చూడండి. 2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ డేటాబేస్ పాడైంది. అప్పట్లో ఆ కంపెనీ డీవీడీలు పోస్టులో పంపేది. మూడు రోజుల పాటు ఒక్క డీవీడీ కూడా పంపలేకపోయింది. ఆ దెబ్బతో సొంత డేటా సెంటర్లు వదిలి అమెజాన్ క్లౌడ్‌కి మారాలని నిర్ణయించింది. ఆ పని పూర్తయింది 2016 జనవరిలో. అంటే ఏడేళ్లకు పైనే.

అమెజాన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్రపంచానికంతా క్లౌడ్ అమ్మే ఆ కంపెనీ కూడా తన సొంత లెక్కలకు ఏళ్ల తరబడి ఒరాకిల్‌నే వాడింది. దాదాపు 7,500 ఒరాకిల్ డేటాబేస్‌లు, 75 పెటాబైట్ల డేటా. వందకు పైగా టీములు కొన్నేళ్లు పనిచేసి దాన్నంతా తమ సొంత డేటాబేస్ సేవల్లోకి మార్చాయి. 2019 అక్టోబర్‌లో ఆ పని ముగిసిందని కంపెనీ ప్రకటించింది. డేటాబేస్ ఖర్చు 60 శాతానికి పైగా తగ్గిందని కూడా చెప్పింది.

మరి "ఒక్క రాత్రిలో" అనే మాట ఎక్కడిది? అసలు సంగతేంటంటే, ఒక్క రాత్రిలో జరిగేది చివరి అడుగు మాత్రమే. పెళ్లి ఒక్క పూటలో అయిపోతుంది, దాని ఏర్పాట్లు నెలల ముందే మొదలవుతాయి కదా. ఇదీ అంతే. వేగం ఆ రాత్రి పుట్టదు, ముందు చేసిన తయారీలోంచి పుడుతుంది.

కాపీ చేయడానికి ఎంత సేపు?

ముందు చిన్న లెక్క వేద్దాం. ఒక కంపెనీ డేటా 50 టెరాబైట్లు అనుకుందాం. సెకనుకు 1 గిగాబిట్ లైను పూర్తిగా దొరికినా అది వెళ్లడానికి నాలుగున్నర రోజులకు పైనే పడుతుంది. లైను పూర్తిగా ఎప్పుడూ దొరకదు కాబట్టి వారం అనుకోండి. 10 గిగాబిట్ లైను వేయించుకుంటే లెక్కప్రకారం 11 గంటలు. ఎలా చూసినా మన ఏడు గంటల రాత్రిలో పట్టదు.

డేటా మరీ ఎక్కువైతే డిస్కుల్లో నింపి బండిలో పంపడమే నయం. ఇది జోకు కాదు. అమెజాన్ ఇందుకోసమే స్నోబాల్ అనే పెట్టెను తెచ్చింది. 2016లో స్నోమొబైల్ పేరుతో 45 అడుగుల కంటెయినర్ ట్రక్కునే తెచ్చింది. దాంట్లో 100 పెటాబైట్లు పట్టేవి. అంత డేటాను 1 గిగాబిట్ లైను మీద పంపాలంటే 25 ఏళ్లు దాటుతుంది! ఆ ట్రక్కు సేవను 2024లో ఆపేశారు.

ఇంకో ఉపాయం ఉంది. అన్నీ మోసుకెళ్లకపోవడం. ఇల్లు మారేటప్పుడు పదేళ్లుగా తెరవని పెట్టెను కూడా లారీలో ఎక్కిస్తే కిరాయి దండగ. డేటాబేస్‌లో కూడా ఎప్పుడో తీసుకున్న కాపీ పట్టికలు, టెస్టింగ్ కోసం పెట్టి మరిచిపోయినవి బోలెడు ఉంటాయి. వాటిని వదిలేసి, చట్టం ప్రకారం ఉంచాల్సిన పాత లెక్కలను వేరుగా ఆర్కైవ్ చేస్తే లారీ బరువు తగ్గుతుంది. త్వరగా తరలించాలనుకునేవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే. చాలామంది చివరికి వాయిదా వేసేదీ ఇదే.

షాపు మూయకుండా సామాను మార్చడం

ఇప్పుడు చిట్టా దగ్గరికి వద్దాం.

ఒక కిరాణా షాపు కొత్త చోటికి మారుతోంది అనుకోండి. పాత పుస్తకంలో ఉన్న ఖాతాలన్నీ కొత్త పుస్తకంలోకి ఎక్కించాలి. వారం పడుతుంది. ఆ వారం షాపు మూస్తే గిరాకీ పోతుంది. మూయకపోతే రాస్తున్నంతసేపూ పాత పుస్తకంలో కొత్త పద్దులు పడుతూనే ఉంటాయి. ఎలా?

మంగళవారం పొద్దున ఒక గీత గీస్తారు. ఆ గీత వరకు ఉన్నదంతా ఒకరు నింపాదిగా కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తారు. గీత తర్వాత పడే ప్రతి పద్దూ చిట్టాలో ఎలాగూ ఉంటుంది. పాతదంతా ఎక్కించాక, ఆ చిట్టా చూసి వారం రోజుల పద్దులు ఒక్కొక్కటే కొత్త పుస్తకంలో చేరుస్తారు. అలా చేరుస్తూ పోతే ఒక దశలో పాత పుస్తకానికీ కొత్త పుస్తకానికీ మధ్య తేడా కొన్ని నిమిషాలే ఉంటుంది. అప్పుడు పది నిమిషాలు షట్టర్ దించి, మిగిలిన నాలుగు పద్దులు రాసేసి, కొత్త షాపులో షట్టర్ ఎత్తుతారు.

డేటాబేస్ తరలింపులో దీన్ని చేంజ్ డేటా క్యాప్చర్ అంటారు, పొట్టిగా సీడీసీ. ఒరాకిల్ గోల్డెన్‌గేట్, అమెజాన్ డీఎంఎస్, డెబీజియం లాంటి టూల్స్ చేసే పని ఇదే. మొదటి పెద్ద కాపీకి వారం పట్టినా, రెండు వారాలు పట్టినా ఫర్వాలేదు. కస్టమర్లు మామూలుగానే వాడుకుంటుంటారు. చివరికి ఆపాల్సిన సమయం గంటల్లోకి, ఒక్కోసారి నిమిషాల్లోకి వచ్చేస్తుంది.

అయితే దీంట్లోనూ గోతులున్నాయి. ఉదాహరణకు రసీదు నంబర్లు. తర్వాతి నంబరు ఎంత అని గుర్తుపెట్టుకునే లెక్క డేటాబేస్‌లో విడిగా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ ఆధారంగా కాపీ చేసే పద్ధతి చాలాకాలం ఆ లెక్కను మోసుకెళ్లేది కాదు. చేత్తో సరిచేయకపోతే కొత్త సిస్టమ్ పాత నంబర్లనే మళ్లీ ఇవ్వబోతుంది. ఒకే నంబరుతో ఇద్దరికి రసీదు వెళ్తే ఏమవుతుందో లెక్కలు రాసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంకో గొయ్యి దూరం. డేటాబేస్‌ను మాత్రం క్లౌడ్‌కి పంపి, దాన్ని వాడే ప్రోగ్రాములను ఆఫీసులోనే ఉంచారనుకోండి. ఒక స్క్రీన్ తెరవడానికి ఆ ప్రోగ్రాము డేటాబేస్‌ను 500 సార్లు అడుగుతుందనుకుందాం. పక్క గదిలో ఉన్నప్పుడు ఒక్కోసారికి అర మిల్లీసెకను, మొత్తం పావు సెకను. క్లౌడ్‌కి వెళ్లి రావడానికి 20 మిల్లీసెకన్లు పడితే అదే స్క్రీన్‌కి 10 సెకన్లు! కౌంటర్ ముందు క్యూ పెరిగిపోవడానికి ఇది చాలు. అందుకే ఏ ప్రోగ్రాము ఏ డేటాబేస్‌తో మాట్లాడుతుందో ముందే జాబితా రాసి, కలిసి ఉండాల్సినవి కలిపే తరలించాలి.

మన పేర్ల దగ్గర వచ్చే చిక్కు

ఒరాకిల్ నుంచి ఒరాకిల్‌కే మారితే పని కొంత తేలిక. ఖర్చు తగ్గించుకోవడానికి ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్ లాంటి దానికి మారితే, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చినట్టే. మాటలు ఒకేలా ఉంటాయి కానీ అర్థాలు వేరు. ఒరాకిల్‌లో తేదీ అంటే దాంట్లో టైము కూడా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో తేదీ అంటే తేదీ మాత్రమే. చూసుకోకపోతే లావాదేవీ ఎన్ని గంటలకు జరిగిందో ఆ వివరం పోతుంది.

ఖాళీ సంగతి కూడా అంతే. ఏమీ రాయకుండా వదిలేసిన పేరును ఒరాకిల్ "తెలియదు" అని లెక్కిస్తుంది. పోస్ట్‌గ్రెస్ దృష్టిలో ఖాళీ వేరు, తెలియకపోవడం వేరు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లంతా కొత్త సిస్టమ్‌లో సెర్చ్ చేస్తే దొరక్కుండా పోవచ్చు.

ఇక మన పేర్ల విషయానికి వస్తే చిక్కు ఇంకా ఎక్కువ. ఆంధ్ర వైపు చాలా కుటుంబాల్లో షేక్, సయ్యద్, పఠాన్ పేరుకు ముందు వస్తాయి. ఒకే మనిషి ఆధార్‌లో షేక్, బ్యాంకులో ఎస్‌కే, పాన్‌లో ఇంకో స్పెల్లింగు. మొహమ్మద్‌కు ఎండీ, మొహ్ద్, మహమ్మద్ అని ఎన్ని రూపాలో లెక్కలేదు. పాత సిస్టమ్‌లో పేరంతా ఒకే గడిలో ఉండి, కొత్త సిస్టమ్ దాన్ని మొదటి పేరు, ఇంటిపేరు అని రెండుగా విడగొడితే, షేక్ అనేది మొదటి పేరు గడిలో పడుతుంది. అప్పుడు కేవైసీ సరిపోలలేదని మెసేజ్ వస్తుంది. తప్పు మనది కాదు, విడగొట్టిన నియమానిది.

అక్షరాల కొలత ఇంకో సంగతి. పాతకాలపు డేటాబేస్‌లు కొన్ని ఇంగ్లిష్, యూరప్ అక్షరాలకే సరిపడేలా పెట్టినవి. ఇప్పుడు అందరూ యూటీఎఫ్-8కి మారుతున్నారు. దాంట్లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు, ఉర్దూ అక్షరానికి 2 బైట్లు, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకూ విడివిడిగా 3 బైట్లు. మొహమ్మద్ అని ఉర్దూలో రాస్తే మీమ్, హే, మీమ్, దాల్, మొత్తం 8 బైట్లు. అదే పేరు తెలుగులో రాస్తే 24 బైట్లు. "మొహమ్మద్ అబ్దుల్ రహీమ్" అని పూర్తిగా రాస్తే 62. పేరు గడికి 30 బైట్లే కేటాయించి ఉంటే పేరు సగంలో తెగిపోతుంది, లేదా ఆ రికార్డు ఎక్కనే ఎక్కదు. ఈ సంగతి ముందే పట్టుకునేది ఎవరు? ఉర్దూ, తెలుగు పేర్లతో టెస్ట్ చేసినవాళ్లే. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే టెస్ట్ చేసినవాళ్లకు ఇది ఎప్పటికీ కనపడదు.

అంకణా తీయందే తాళం తీయకూడదు

కాపీ అయిపోయింది. అన్నీ వచ్చాయని ఎలా నమ్మడం? లెక్కల మనుషులకు తెలిసిన పద్ధతే. పాత పుస్తకం ముగింపు నిల్వ, కొత్త పుస్తకం ప్రారంభ నిల్వ ఒకటే ఉండాలి.

మొదట పట్టికల్లో వరసల సంఖ్య సరిచూస్తారు. అది చాలదు. పది లక్షల వరసలు వచ్చి, వాటిలో మొత్తాలు తారుమారైతే? అందుకే డిపాజిట్ల మొత్తం, అప్పుల మొత్తం, బ్రాంచీల వారీగా, ఖాతా రకాల వారీగా రెండు వైపులా కూడి చూస్తారు. తర్వాత ప్రతి వరసకూ చెక్‌సమ్ అనే గుర్తు సంఖ్య లెక్కించి పోలుస్తారు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ సంఖ్య మారిపోతుంది. చివర్లో కొన్ని నిజమైన ఖాతాలు తీసి, మనుషులు కళ్లతో చూస్తారు.

బ్యాకప్ విషయంలోనూ ఇంతే. "బ్యాకప్ ఉంది" అన్న మాట చాలదు, తిరిగి తెరిచి చూశారా అన్నదే ప్రశ్న. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో రాత్రి పూట పనిచేస్తున్న ఇంజనీరు పొరపాటున అసలు సర్వర్ మీద డేటా తుడిచేశాడు. సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5. బ్యాకప్‌కి అయిదు ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు. ఆ సమయానికి ఒక్కటీ సరిగా పనిచేయలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు ఒకరు వేరే పని కోసం తీసి పెట్టిన కాపీ దొరికింది. మధ్యలో ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఆ కంపెనీ ఈ సంగతంతా దాచకుండా బయటపెట్టడం వల్లే ప్రపంచమంతా దాన్నుంచి నేర్చుకుంది.

తేదీ ముందు, పని తర్వాత: టీఎస్‌బీ కథ

తొందర ఎక్కడ కొంప ముంచుతుందో తెలియాలంటే బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు సంగతి చూడాలి. ఇది అమెజాన్ లాంటి క్లౌడ్‌లోకి మారడం కాదు, ఒక గ్రూపు సిస్టమ్ నుంచి ఇంకో గ్రూపు సిస్టమ్‌కి మారడం. కానీ పాఠం అదే.

టీఎస్‌బీ ఒకప్పుడు లాయిడ్స్ గ్రూపులో ఉండేది. విడిపోయాక కూడా లాయిడ్స్ కంప్యూటర్ల మీదే నడిచేది, అందుకు ఏటా భారీగా ఫీజు కట్టేది. 2015లో స్పెయిన్‌కు చెందిన సబాడెల్ బ్యాంకు దాన్ని కొనుక్కుంది. తమ సొంత సిస్టమ్‌కి మార్చాలనుకుంది. ముందు 2017 నవంబర్ అని తేదీ పెట్టారు. కుదరలేదు. చివరికి 2018 ఏప్రిల్ 20 నుంచి 22 వరకు వారాంతంలో దాదాపు 52 లక్షల మంది కస్టమర్లను ఒకేసారి మార్చారు.

విచిత్రం ఏంటంటే, డేటా తరలింపు మాత్రం బాగానే జరిగింది. లెక్కలు కొత్త ఇంటికి చేరాయి. కానీ తలుపు తెరవగానే కొత్త ఇల్లే కుప్పకూలింది. కస్టమర్లు ఆన్‌లైన్‌లోకి వెళ్లలేకపోయారు. కొందరికి వేరేవాళ్ల ఖాతాలు కనిపించాయి. బ్రాంచీల్లోనూ పని ఆగింది. ఈ గందరగోళంలో మోసగాళ్లు దిగారు. సుమారు 1,300 మంది ఖాతాల్లోంచి డబ్బు పోయిందని బ్యాంకు అధిపతి పార్లమెంటు కమిటీకి చెప్పారు. అన్నీ మామూలు స్థితికి రావడానికి ఆ ఏడాది డిసెంబర్ వరకు పట్టింది. బ్యాంకు అధిపతి సెప్టెంబర్‌లోనే పదవి వదిలారు. కస్టమర్లకు 3.27 కోట్ల పౌండ్ల పరిహారం చెల్లించారు. 2022 డిసెంబర్‌లో రెండు నియంత్రణ సంస్థలు కలిసి 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. బ్యాంకు ఐటీ విభాగం చూసిన అధికారికి 2023లో వ్యక్తిగతంగా కూడా జరిమానా పడింది.

కారణాలు ఏంటి? స్వతంత్ర విచారణ చేసిన న్యాయ సంస్థ 2019 నవంబర్‌లో నివేదిక ఇచ్చింది. దాంట్లోంచి మూడు సంగతులు చాలు.

ఒకటి, ముందు ముగింపు తేదీ పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి పనులు ఇరికించారు. పనికి ఎంత కాలం పడుతుందని అడిగి తేదీ పెట్టలేదు.

రెండు, కొత్త సిస్టమ్‌కి రెండు డేటా సెంటర్లున్నాయి. రెండూ ఒకేలా ఉండాలి. లోడు తట్టుకుంటుందా అనే పరీక్ష ఒక్కదాంట్లోనే చేశారు. రెండోది వేరుగా ఉందని అందరూ వచ్చాక బయటపడింది.

మూడు, విడతలవారీగా కాకుండా దాదాపు అందరినీ ఒకేసారి మార్చారు. చిన్న గుంపుతో మొదలుపెట్టి ఉంటే చిన్న నష్టంతోనే తెలిసిపోయేది.

ఆ రాత్రి ఎలా ఉండాలి?

బాగా తయారైన టీమ్ ఆ ఏడు గంటలను ఎలా వాడుకుంటుందో ఉదాహరణగా చూద్దాం.

రాత్రి 11 గంటలకు కొత్త లావాదేవీలు ఆపుతారు. 11.30 కల్లా చిట్టాలో మిగిలిన పద్దులన్నీ కొత్త డేటాబేస్‌లో చేరిపోవాలి. 12 నుంచి 2 వరకు లెక్కలు సరిచూస్తారు. 2 నుంచి 3 వరకు ప్రోగ్రాములను కొత్త డేటాబేస్‌కు కలుపుతారు. 3 నుంచి 4.30 వరకు బ్యాంకు సిబ్బందే కూర్చుని డిపాజిట్, విత్‌డ్రా, పాస్‌బుక్ అన్నీ వేసి చూస్తారు. 4.30కి ఒక్కటే ప్రశ్న: ముందుకా, వెనక్కా?

ఈ ప్రశ్న 6 గంటలకు కాకుండా 4.30కే ఎందుకు? వెనక్కి వెళ్లడానికి కూడా గంటన్నర పడుతుంది కాబట్టి. ఆ గంటన్నర చేతిలో లేకపోతే వెనక్కి వెళ్లడం అనేది కాగితం మీదే ఉంటుంది. ఉదయం కస్టమర్లు కొత్త సిస్టమ్‌లో పద్దులు వేయడం మొదలయ్యాక వెనక్కి వెళ్లడం ఇంకా కష్టం. ఆ కొత్త పద్దులు పాత పుస్తకంలో ఉండవు కదా. అందుకే జాగ్రత్తపరులు కొన్నాళ్ల పాటు చిట్టాను తిరగేసి నడుపుతారు. అంటే కొత్త దాంట్లో పడ్డ ప్రతి పద్దూ పాత దాంట్లో కూడా చేరేలా చూస్తారు.

ఇదంతా ఆ రాత్రి మొదటిసారి చేయకూడదు. అసలు డేటా సైజుతో, అదే మనుషులతో, గడియారం పెట్టుకుని ముందే రెండు మూడుసార్లు రిహార్సల్ చేయాలి. రిహార్సల్‌లో తొమ్మిది గంటలు పట్టింది అసలు రాత్రి ఏడు గంటల్లో అవుతుందని ఆశపడటం ప్లాన్ కాదు. తేదీ జరపాలా వద్దా అని చెప్పే ధైర్యం ఒకరికి ఉండాలి, ఆ మాట వినే యాజమాన్యం కూడా ఉండాలి. నెల రోజులు ఆలస్యమైతే అయ్యే ఖర్చును టీఎస్‌బీ కట్టిన జరిమానా, పరిహారాల పక్కన పెట్టి చూస్తే ఏది చవకో తెలిసిపోతుంది.

మనం ఏం చేయాలి?

మన దేశంలో చెల్లింపుల డేటా భారత్‌లోనే ఉంచాలని రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. డేటా క్లౌడ్‌లో పెట్టినా, వేరే కంపెనీకి పని అప్పగించినా, కస్టమర్‌కు జవాబు చెప్పాల్సింది బ్యాంకే. కాబట్టి "అది టెక్నికల్ ప్రాబ్లమ్ అమ్మా, మా చేతుల్లో లేదు" అంటే ఒప్పుకోనక్కర్లేదు.

బ్యాంకు పెద్ద మార్పు చేస్తోందని మెసేజ్ వస్తే ఇంట్లో ఈ పనులు చేసుకోండి.

ఆ వారాంతానికి ముందే స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, లేదా పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకోండి. తేడా వస్తే చూపించడానికి మన చేతిలో లెక్క ఉండాలి.

ఈఎంఐ, ఫీజు, కిరాయి ఆ రెండు రోజుల్లో పడేలా ఉంటే ముందే కట్టేయండి. రెండు రోజులకు సరిపడా నగదు ఇంట్లో ఉంచుకోండి. గల్ఫ్ నుంచి డబ్బు పంపేవాళ్లకు కూడా ముందే చెప్పండి.

మార్పు తర్వాత మొదట పేరు, ఫోన్ నంబరు, నామినీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. బ్యాలెన్స్ చూసి ఊరుకోవద్దు. నామినీ గడి ఖాళీ అయిపోతే ఆ సంగతి అవసరమైన రోజు దాకా తెలియదు. బ్యాంకులు విలీనమైతే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారుతుంది. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక మన దగ్గర చాలామంది ఇది చూశారు. జీతం, పెన్షన్, స్కాలర్‌షిప్ వచ్చే చోట కొత్త కోడ్ ఇచ్చారో లేదో చూసుకోండి.

ఆ రోజుల్లో "మీ ఖాతా కొత్త సిస్టమ్‌కి మారలేదు, ఈ లింకు నొక్కండి, ఓటీపీ చెప్పండి" అని ఎవరు ఫోన్ చేసినా నమ్మొద్దు. తరలింపుకి మన ఓటీపీతో పనే లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. తేడా వస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

చివరిగా బీకాం చదివే పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. ఈ పని ఇంజనీర్లదే అనుకోవద్దు. రెండు వైపులా మొత్తాలు సరిచూడటం, ఏ ఖాతా ఏ గడిలోకి వెళ్లాలో చెప్పడం, తేడా ఎక్కడుందో పట్టుకోవడం లెక్కలు తెలిసినవాళ్ల పని. బీకాంతో పాటు ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటే ఈ టీముల్లో చోటు దొరికే అవకాశం ఉంటుంది. పైగా పేరు గడిలో "షేక్" ఎక్కడ పడాలో మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.